మౌసు మొరాయించినపుడు చేయదగిన పరీక్షలు



ఉపాధ్యాయుడు పాఠము చెప్పిన సంగతులు వ్రాయుట వాడుక. తాను పాఠము నేర్చుకొనిన సంగతి వ్రాయుట అరుదు. అయినను మన కంప్యూటరు గదిలో జరిగిన యొక సంగతివలన నేనొక పాఠమును నేర్చుకొంటిని. దానిని దాచుకొనుట తగదని యెంచి, మీకును మీ తలిదండ్రులకును ఉపయోగపడునట్లు ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. ఇందు రెండు విషయములు గలవు. లినక్సు కంప్యూటరునందు మౌసుగాని టచ్‌ప్యాడుగాని సరిగా పనిచేయనపుడు దోషమును క్రమముగ వెదకు విధము మొదటిది. దోషమును వెదకక ముందే దోషిని వెదకుట యెంత యన్యాయమో తెలుపునది రెండవది.

జరిగిన సంగతి

మన గదిలోని కంప్యూటరులు పాతవి. అవి యన్నియు విండోస్ 10తో నడచుచుండెడివి. 2025 అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థవారు విండోస్ 10నకు తమ సాధారణ సంరక్షణను ముగించిరి. దాని తరువాతిదైన విండోస్ 11 మన పాతయంత్రములలో ననేకము మీద నెక్కదు. క్రొత్తవి కొనుటకు ధనము చాలదు. కావున వానియందు లినక్సు నెక్కించితిమి.

లినక్సనగా నేమో యెరుగనివారి కొక మాట. 1991వ సంవత్సరమున, ఫిన్లాండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లైనస్ టోర్వాల్డ్స్ అను యువకుడు దీని మూలభాగమును, అనగా కెర్నెలును, వ్రాసి లోకమునకు వెల్లడిచేసెను. దానిని ఎవరైనను వెల యీయకయే వాడుకొనవచ్చును, తెరచి చూడవచ్చును, దిద్దుకొనవచ్చును. ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్ మొదలగు పేర్లతో దొరకు వ్యవస్థలన్నియు ఆ కెర్నెలుమీదనే కట్టబడినవి. హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవారు ఇట్టి సాఫ్ట్‌వేరును తెలుగులోనికి దెచ్చుటకు కృషి చేసిరి.

లినక్సు నెక్కించిన వారముననే గదికి సున్నము వేయించుటకై బల్లలను జరుపవలసివచ్చెను. అప్పుడొక ల్యాప్‌టాపు తూర్పుగోడ దగ్గరనుండి పడమటిగోడ దగ్గరకు మారెను. మరునాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు దానియెదుట కూర్చుండి, అమరికలు తెరచి, బాణపుగుర్తు వేగమును హెచ్చించెను. ఆ సాయంకాలమునుండి దాని టచ్‌ప్యాడు పిచ్చిపట్టినట్లు ప్రవర్తింపసాగెను. వ్రేలు నిలిపియుంచినను తెరమీది బాణము వణకును. కుడివైపు పొమ్మన్న నెడమవైపు గంతువేయును. మనము ముట్టని బొమ్మలను తానే తెరచును.

నేనేమి చేసితిని? "నీవు వేలు పెట్టకుండిన నిది చెడియుండునా?" అని తరగతి యంతయు వినుచుండగా ఆ బాలుని గద్దించితిని. బాగుచేయుట కగు వ్యయమును మీ తండ్రి యిచ్చుకొనవలసినదే యని చెప్పి పంపితిని. పిమ్మట వేగమును తగ్గించి చూచితిని; ప్రయోజనము లేదు. లినక్సును పూర్తిగా తుడిచివేసి మరల నెక్కించితిని, అప్పుడును లేదు. "ఊరక వచ్చినదానియం దింతకంటె నేముండును?" అని కొందరు లినక్సునే నిందించిరి.

మూడవనాడు ఆ బాలుని తండ్రి వచ్చెను. ఆయన నిజాంపట్టణపు రేవున మరపడవల ఇంజనులను బాగుచేయు మేస్త్రీ. తువ్వాలు కొంగున ముడివేసి తెచ్చిన రూపాయలను విప్పి బల్లమీద నుంచెను. నేను వానిని లెక్కింపబోవుచుండగా ఆయన ల్యాప్‌టాపువంక చూచి మెల్లగా నిట్లనెను:

"ఏమీ అనుకోకండి మాస్టారూ. ఇంజను మొరాయిస్తే ఎవరు చెడగొట్టారని మేం ముందు అడగమండి. ఎప్పుడు మొరాయిస్తోంది, ఎప్పుడు బాగుంటోంది అని అడుగుతాం. ఇది ఎప్పుడన్నా బాగుంటోందాండీ?"

నాయొద్ద జవాబు లేకపోయెను. అది యెప్పుడు చెడుచున్నదో నేను చూచితినే గాని, యెప్పుడు బాగుండునో చూడనేలేదు. రూపాయలను ఆయన చేతికే తిరిగి యిచ్చి, వారము దినములు గడువు కోరితిని. ఆ వారమున నేను చదివినదియు, చేసినదియు, కనుగొన్నదియు ఇకముందు చెప్పెదను.

మౌసన నేమి? టచ్‌ప్యాడన నేమి?

మౌసును కల్పించినవాడు అమెరికా దేశస్థుడగు డగ్లస్ ఎంగెల్‌బార్ట్. ఆయన 1925లో జన్మించి 2013లో మరణించెను. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనాలయమున 1964 ప్రాంతమున, ఆయన సహచరుడగు బిల్ ఇంగ్లిష్ మొట్టమొదటి మౌసును తయారుచేసెను. అది యొక చిన్న కొయ్యపెట్టె. దాని యడుగున, ఒకదానికొకటి అడ్డముగ నుండునట్లు, రెండు చక్రములు గలవు. ఒక చక్రము నిలువు కదలికను, రెండవది అడ్డపు కదలికను కొలుచును. తోకవంటి తీగ యుండుటచే దానికి ఎలుక యను పేరు వచ్చెను. 1968 డిసెంబరు 9వ తేదీన సాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఎంగెల్‌బార్ట్ దానిని గొప్పసభలో ప్రదర్శించెను.

తరువాత చక్రములకు బదులు బంతియు, బంతికి బదులు వెలుతురును వచ్చినవి. నేటి మౌసు అడుగున నొక చిన్న దీపమును, దానిప్రక్క చిన్న కెమెరావంటి కన్నును గలవు. ఆ కన్ను సెకనునకు వేయికి మించిన మారులు బల్లయొక్క ఉపరితలమును చూచి, ముందటి చిత్రముతో వెనుకటి చిత్రమును పోల్చి, మౌసు ఎటు ఎంత కదలెనో లెక్కించును. కావున బల్లమీద కంటికి పోల్చుకొనదగిన గుర్తు లుండవలయును. అద్దపు బల్లమీదను, మిక్కిలి మెరుగుపెట్టిన రాతిమీదను అది తడబడుట యిందువలననే.

టచ్‌ప్యాడు తెరగు వేరు. దాని నున్నని పైపొరక్రింద సన్నని వాహకముల వల యొకటి పరచబడి యుండును. ఆ వలయందు కొద్దిపాటి విద్యుదావేశము నిలిచియుండును. మన శరీరము విద్యుద్వాహకము గనుక వ్రేలు దగ్గరకు వచ్చినంతనే ఆ తావున ఆవేశము మారును. నిండు గిన్నెలో వ్రేలు ముంచిన నీటిమట్టము మారునట్లే యని తలంపుడు. ఆ మార్పు ఏ తావున కలిగెనో కనిపెట్టి యంత్రము వ్రేలిని గుర్తించును. కావున టచ్‌ప్యాడు ఒత్తిడిని గాక విద్యుత్తును గమనించునని జ్ఞాపకముంచుకొనుడు. మన కథకు కీలకమిచ్చటనే యున్నది.

వ్రేలినుండి తెరవరకు

తెనాలిలో బయలుదేరిన రైలు రేపల్లెకు రాలేదనుకొనుడు. అందులకు రేపల్లె స్టేషనుమాస్టరుతో జగడమాడుట న్యాయమగునా? వేమూరు దాటెనా, భట్టిప్రోలు దాటెనా, పల్లికోన దాటెనా యని వరుసగా విచారించినచో, ఏ స్టేషనువరకు వచ్చి యెచ్చట నిలిచినదో తెలియును. ఆ రెంటి నడుమనే దోషమున్నది. తక్కిన దారి నంతయు త్రవ్వనక్కరలేదు.

మన వ్రేలి కదలికయు తెరను చేరుటకు నాలుగు మజిలీలు దాటును. మొదటిది మౌసు లేక టచ్‌ప్యాడు, దాని తీగ, అది తగిలించిన యూఎస్‌బీ రంధ్రము, దానికి చేరు విద్యుత్తు. రెండవది కెర్నెలు, ఇది పరికరమును గుర్తించి దాని మాటను వినును. మూడవది లిబ్‌ఇన్‌పుట్ అను ప్రోగ్రాము. వచ్చిన సంఖ్యలను చూచి ఇది కదలిక, ఇది నొక్కు, ఇది రెండువ్రేళ్ల జరుపు అని అర్థము చెప్పునది యిదియే. నాలుగవది తెరను నడపు డెస్క్‌టాపు, అందు మనము చేసికొనిన అమరికలు. ఈ నాలుగింటిలో సంగతి యెచ్చట తెగిపోయెనో కనుగొనుటయే మన పని.

పరీక్షల క్రమము

చేతికి మౌసు లేనపుడు కీబోర్డే చేతికఱ్ఱ. కంట్రోల్, ఎస్ అను మీటలను కలిపి నొక్కి ముందు మీ పనిని భద్రపరచుకొనుడు. కంట్రోల్, ఆల్ట్, టి అను మూటిని కలిపి నొక్కినచో ఉబుంటు, మింట్ మొదలగువానిలో టెర్మినల్ అను ఆజ్ఞల కిటికీ తెరచుకొనును. ట్యాబ్ మీటతో ఒక బొత్తామునుండి మరియొక బొత్తామునకు పోయి, ఎంటర్ మీటతో నొక్కవచ్చును. మౌసు కదలలేదని యంత్రమును హఠాత్తుగా ఆర్పివేయకుడు.

మొదటి పరీక్ష కంటితోను చేతితోను చేయవలసినది. ఖర్చులేనిది, అయినను చాలమంది దీనిని విడిచి ముందుకు పోవుదురు. మౌసును తలక్రిందులు చేసి, దాని కంటిలో వెండ్రుకగాని దుమ్ముగాని చిక్కెనేమో చూడుడు. తెల్లకాగితము పరచి దానిమీద నడిపి చూడుడు. వేరొక రంధ్రమునకు తగిలింపుడు. బాగుగనున్న మరియొక మౌసును ఇదే రంధ్రమునకును, ఈ మౌసును మరియొక కంప్యూటరునకును తగిలించి చూడుడు. ఈ మార్పిడివలన దోషము మౌసు వెంట పోవుచున్నదా, కంప్యూటరునందే నిలిచియున్నదా తేటపడును. తీగలేని మౌసైనచో బ్యాటరీని మార్చుడు. దాని చిన్న గ్రాహకము పక్కనే యూఎస్‌బీ 3 జాతి పెన్‌డ్రైవుగాని డిస్కుగాని పనిచేయుచుండిన, దానినుండి వెడలు రేడియో చప్పుడు మౌసు మాటను మ్రింగివేయవచ్చును. అట్టియెడల గ్రాహకమును దూరపు రంధ్రమునకు మార్చిన చాలును. ఒక్కసారి నొక్కిన రెండుసార్లు నొక్కినట్లగుట బొత్తాముక్రింది మీట యరిగిపోవుటకు తరచుగ గుర్తు.

టచ్‌ప్యాడైనచో చేతులు తుడుచుకొని ముట్టుడు. సముద్రమునకు దగ్గరగనున్న మన సీమలో వేసవినాడు అరచేతులు తడియారవు. తలకు రాచుకొనిన కొబ్బరినూనె వ్రేళ్లకు అంటియుండును. తడిబొట్టును టచ్‌ప్యాడు వ్రేలని భ్రమపడవచ్చును. అది బొత్తిగ పలుకకున్నచో కీబోర్డు పైవరుస మీటలను చూడుడు. చాల ల్యాప్‌టాపులందు వానిలో నొకదానిపై టచ్‌ప్యాడు బొమ్మ యుండును. తెలియక ఆ మీటను నొక్కినచో టచ్‌ప్యాడు నిద్రపోవును; మరల నొక్కిన మేలుకొనును.

రెండవ పరీక్ష కెర్నెలునకు పరికరము కనబడుచున్నదా యను విచారణ. ఇకముందు చెప్పు ఆజ్ఞలను ఇంగ్లీషు చిన్నబడి అక్షరములతో టెర్మినలునందు కొట్టవలయును. ఎల్, ఎస్, యు, ఎస్, బి అను అయిదక్షరములను ఎడము లేక కొట్టి ఎంటర్ నొక్కినచో, యూఎస్‌బీ రంధ్రములకు తగిలియున్న పరికరముల పట్టిక వచ్చును. మౌసును తీసి యొకమారు, తగిలించి యొకమారు చూడుడు. రెండు పట్టికలకు భేదము లేనిచో మౌసు మాట కెర్నెలునకు చేరుటలేదు. దోషము మొదటి మజిలీలోనే యున్నది. ల్యాప్‌టాపు లోపలి టచ్‌ప్యాడు చాలవరకు యూఎస్‌బీ దారిన రాదు గనుక ఈ పట్టికలో కానరాకున్న కంగారుపడకుడు. సుడో అను మాట, ఎడము, డి-ఎమ్-ఇ-ఎస్-జి అను అయిదక్షరములు, ఎడము, ఒక అడ్డగీత, డబ్ల్యు — ఇట్లు కొట్టినచో కెర్నెలు తన దినచర్యను మనకు చదివి వినిపించును. సుడో యనగా అధికారితో సమానమైన అనుమతి. అది రహస్యపదము నడుగును. కావున ఈ ఆజ్ఞను ఉపాధ్యాయుడు దగ్గర నున్నపుడే వాడుడు. దినచర్య పారుచుండగా మౌసును తగిలించి చూచినచో, అది గుర్తింపబడెనో, మాటిమాటికి తెగిపోవుచున్నదో పంక్తులలో కనబడును.

మూడవ పరీక్ష లిబ్‌ఇన్‌పుట్ నడుగుట. ఇందులకు ఉబుంటు, డెబియన్, మింట్ వ్యవస్థలలో లిబ్‌ఇన్‌పుట్-టూల్స్ అను ప్యాకేజీని ముందుగ నెక్కించుకొనవలయును. సుడో లిబ్‌ఇన్‌పుట్ లిస్ట్-డివైసెస్ అను ఆజ్ఞ అది ఎరిగిన పరికరములన్నిటిని పేరుపేరున చెప్పును. సుడో లిబ్‌ఇన్‌పుట్ డీబగ్-ఈవెంట్స్ అను ఆజ్ఞ ఇంకను విలువైనది. వ్రేలు కదలినప్పుడెల్ల ఒక్కొక్క పంక్తి తెరమీద పుట్టును. బొత్తాము నొక్కినప్పుడు మరియొక విధమగు పంక్తి పుట్టును. కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కిన నిది యాగును. వ్రేలు కదలినను పంక్తులు రానిచో సంగతి ఇచ్చటికి చేరలేదని యర్థము. పంక్తులు సక్రమముగ వచ్చుచున్నను తెరమీది బాణము మాట విననిచో, దోషము నాలుగవ మజిలీలో నున్నది. వ్రేలు కదలకున్నను పంక్తులు పరుగెత్తుచున్నచో, అమరికలను నిందింపకుడు. లేని కదలిక క్రిందినుండియే పుట్టుచున్నది.

నాలుగవ పరీక్ష అమరికలకు సంబంధించినది. కంప్యూటరునందు క్రొత్తగ నొక వాడుకరి పేరును కల్పించి, ఆ పేరున ప్రవేశించి చూడుడు. అచ్చట బాగుగనున్నచో పాతపేరుగల వాడుకరి అమరికలలోనే చిక్కున్నది. ఈ మజిలీలో నిజముగ దోషము కానివియు దోషములుగ కనబడుచుండును. టచ్‌ప్యాడు కుడిమూలను నొక్కిన కుడిబొత్తాము పనిచేయలేదని కొందరు వాపోవుదురు. కొన్ని డెస్క్‌టాపులలో మూలను గాక, రెండువ్రేళ్లతో నొక్కుటయే కుడిబొత్తామునకు గుర్తుగ నేర్పరచిరి. కావలసినవారు అమరికలలో మార్చుకొనవచ్చును. అక్షరములు కొట్టుచుండగా టచ్‌ప్యాడు పలుకదని మరికొందరందురు. అరచేయి తగిలి బాణము చెదరకుండుటకై కావలెననియే అట్లు చేసినారు.

ఒకనాడు పదవతరగతి బాలిక యొకతె తన వ్యాసములో తాను వ్రాయని చోట్ల తన వాక్యములే మరల మరల ప్రత్యక్షమగుచున్నవని భయపడి వచ్చెను. లినక్సులో మౌసు నడిమి బొత్తామును నొక్కినచో, అంతకుముందు గుర్తుపెట్టిన మాటలు ఆ తావున అతుకుకొనును. మూడువ్రేళ్లతో టచ్‌ప్యాడును తట్టినను నడిమి బొత్తామును నొక్కినట్లే యగును. ఆ బాలిక మూడువ్రేళ్లు ఆనించి కూర్చుండు నలవాటుగలది. యంత్రమునందు దయ్యమును లేదు, దోషమును లేదు. తెలియమి యొక్కటియే యుండెను.

యంత్రమును నిద్రపుచ్చి లేపిన పిమ్మట మాత్రమే టచ్‌ప్యాడు పలుకనిచో, కెర్నెలునందలి దాని నడుపరిని దింపి మరల నెక్కించుట యొక ఉపాయము. పాతవిధపు టచ్‌ప్యాడులకు ఆ నడుపరి పేరు పి-ఎస్-మౌస్. మాడ్‌ప్రోబ్ అను ఆజ్ఞతో దానిని దింపుటయు ఎక్కించుటయు చేయుదురు. అట్లే కొన్నిక్షణములు ఊరకుండిన తీగమౌసు నిద్రపోయి, నొక్కినగాని లేవకుండినచో, విద్యుత్తును పొదుపుచేయు ప్రోగ్రామేదైన యూఎస్‌బీ రంధ్రమును నిద్రపుచ్చుచున్నదేమో విచారింపవలయును.

అయిదవ పరీక్ష పెన్‌డ్రైవునుండి లినక్సును నడిపి చూచుట. ఇందువలన లోపలి డిస్కుమీది అమరికలు గాని ప్రోగ్రాములు గాని ముట్టబడవు. ఈ క్రొత్త వ్యవస్థలోను అదే దోషము కనబడినచో, అమరికలను చెడగొట్టినారని యెవ్వరిని అననక్కరలేదు, క్రిందిమజిలీలలోనే వెదకవలయును.

ఇచ్చట నాకు సిగ్గు కలిగెను. లినక్సును తుడిచి మరల నెక్కించినప్పుడే ఆ బాలుడు మార్చిన వేగము పోయెను గదా! పోయినను దోషము పోలేదు. అనగా ఆ బాలుడు నిర్దోషి యను సాక్ష్యము ఆనాడే నాచేతిలో నుండెను. నేను దానిని చదువుకొననైతిని. యంత్రముమీద పరీక్ష చేసితిని గాని, నా మాటను పరీక్షించుకొనలేదు.

దోషము దొరకిన విధము

మేస్త్రీ అడిగిన ప్రశ్నకు జవాబు వెదకుటకై ఒక నోటుపుస్తకము తెరచితిని. దానిని వ్రాయుటకు ఆ బాలునే నియమించితిని. ప్రతిగంటకు టచ్‌ప్యాడును ముట్టి, వేళ యెంత, బాగుగనున్నదా, చెడియున్నదా, అప్పుడు గదిలో నేమి జరుగుచున్నది, అని వ్రాయవలసినదని చెప్పితిని. డీబగ్-ఈవెంట్స్ ఆజ్ఞను నేర్పితిని. వ్రేలు కదలకుండ ఆనించినను పంక్తులు పరుగెత్తుచునే యుండెను. కావున దోషము అమరికలలో లేదని ఇద్దరమును ఒప్పుకొంటిమి.

మూడవదినము మధ్యాహ్నము ఆ బాలుడు పుస్తకము చేతబట్టుకొని పరుగున వచ్చి, "మాస్టారూ, బాగున్నప్పుడల్లా కరెంటు లేదండీ!" అనెను. చూచితిని. పుస్తకమున బాగుగనున్నదని వ్రాసిన నాలుగు చోట్లను విద్యుత్తు పోయినదనియు వ్రాసియుండెను. వెంటనే పోయి ఛార్జరును సాకెట్టునుండి పెరికితిమి. బాణము కుదుటబడెను. పెట్టితిమి, వణకెను. మరల పెరికితిమి, నిలిచెను. పిమ్మట ఒక్కటే మార్పు చేసితిమి. ల్యాప్‌టాపును, ఛార్జరును తూర్పుగోడ సాకెట్టునకు కొనిపోయి తగిలించితిమి. ఛార్జరు తగిలియున్నను బాణము వణకలేదు. కావున దోషము ల్యాప్‌టాపులో లేదు, ఛార్జరులో లేదు, లినక్సులో లేదు, బాలునియందు అసలే లేదు. అది పడమటిగోడలో నున్నది!

ఎలక్ట్రీషియనును పిలిపించితిమి. ఆయన మెయినును ఆపి, సాకెట్టు విప్పి చూచెను. మూడు తీగలలో ఎర్తు తీగ ఊడి వేలాడుచుండెను. దీని ఫలమేమనగా: 230 వోల్టుల విద్యుత్తును తక్కువ వోల్టులుగ మార్చు ఛార్జరునందు, విద్యుత్తులోని చప్పుడును అణచుటకు చిన్న కెపాసిటరులుండును. అవి ఆ చప్పుడును ఎర్తు తీగద్వారా నేలకు పంపవలయును. ఆ దారి తెగిపోయినచో అది ల్యాప్‌టాపు ఒంటిమీదనే నిలుచును. టచ్‌ప్యాడు అతి సూక్ష్మమైన విద్యున్మార్పును బట్టి వ్రేలిని గుర్తించునని చెప్పితిని గదా. ఆ చప్పుడును కూడ వ్రేలి కదలిక యని భ్రమపడును. ఆ యంత్రపు లోహపుటంచు ముట్టినపుడు వ్రేళ్లకు చీమకుట్టినట్లుండుటను నేనును గమనించితిని; కాని లక్ష్యపెట్టనైతిని. ఎర్తు తీగను బిగించినంతనే చీమకుట్టినట్లుండుటయు మానెను, బాణపు వణకును మానెను.

తలిదండ్రులకు ఒక మనవి. మీ యిండ్లలో ఛార్జరు తగిలించినప్పుడు మాత్రమే టచ్‌ప్యాడు గంతులువేసినను, లోహము ముట్టిన చిమచిమలాడినను, దానిని చిన్నదోషముగ నెంచకుడు. అది ఎర్తు లేదని యంత్రము చేయు హెచ్చరిక కావచ్చును. అదే సాకెట్టునకు రేపు ఇస్త్రీపెట్టె తగిలింపవచ్చును. అందు దోషమున్నచో ప్రాణాపాయము. మూడు పుల్లల ప్లగ్గునకు రెండు పుల్లల సాకెట్టు సరిపడలేదని మూడవ పుల్లను విరువకుడు. ఎర్తు లేని మారుప్లగ్గులను తగిలింపకుడు. పిల్లలు సాకెట్టును స్వయముగ విప్పరాదు. ఆ పని తెలిసిన ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలయును.

జ్ఞాపకముంచుకొనదగినవి

దోషము కనబడినపుడు, అది యెప్పుడు కలుగుచున్నది యని యడుగుటతో నిలువక, ఎప్పుడు కలుగుటలేదు అనియు నడుగుడు. ఒకేమారు రెండు మార్పులు చేయకుడు. మేము ఒక్కవారమున లినక్సు నెక్కించి, బల్ల జరిపి, వేగము మార్చితిమి. కావున ఏ మార్పు కారణమో తెలియక, నోరులేని దానిని, నోరెత్తలేని వానిని నిందించితిమి. ఖర్చులేని పరీక్షను ముందు, కష్టమైన పరీక్షను వెనుక చేయుడు. చేసిన ప్రతి పరీక్షను, దాని ఫలముతో, పుస్తకమున వ్రాసికొనుడు. ఒకటి తరువాత నొకటి జరిగినంతమాత్రమున మొదటిది రెండవదానికి కారణము కానేరదు.

మరునాటి యుదయమున, ఏ తరగతి యెదుట ఆ బాలుని గద్దించితినో ఆ తరగతి యెదుటనే, తప్పు నాదని చెప్పితిని. ఒంటరిగ పిలిచి చెప్పుట సులభమే. కాని నింద పదుగురిలో వేసినపుడు దానిని తీసివేయుటయు పదుగురిలోనే జరుగవలయును. ఆయన ప్రశ్నకు దొరకిన జవాబును తండ్రికి ఉత్తరముగ వ్రాసి, బాలునిచేతనే పంపితిని.

ఆ నోటుపుస్తకము ఇప్పుడు కంప్యూటరు గది తలుపుప్రక్కన దారముతో వ్రేలాడుచున్నది. దాని మొదటి పుట ఆ బాలుని చేవ్రాత. మీలో నెవరికైనను మౌసు మొరాయించినచో, నాయొద్దకు వచ్చుటకు ముందు, అందు నాలుగు పంక్తులు వ్రాసి రండు. తప్పెవరిదో వ్రాయవలదు; వేళ యెంతయో వ్రాయుడు.